ఆల్ఫ్ డగ్‌డేల్ నడుము

ఏప్రిల్ 30, 1951

రెండు గేట్లకీ కొత్త రంగు వేశారు. దొరల గేటుకి తెలుపు, మా గేటుకి ఎక్కడో మిగిలిపోయిన ఆకుపచ్చ. ఒకటే జట్టు, ఒకటే మైదానం, ఒకటే బంతి వెనకాల పదకొండు మందిమీ పరిగెత్తాలి. కానీ లోపలికి దిగడానికి మాత్రం, సరదాకి ఆడే దొరలకి నడిమధ్య మెట్లు, కూలికి ఆడే మాకు మరుగుదొడ్ల పక్కన సందు.

కొత్త కెప్టెన్ మిస్టర్ పెలమ్. పాత కెప్టెన్‌కి మేనల్లుడు, ఆయనకున్న అర్హత అదొక్కటే. బ్యాటు పట్టుకుంటే వానలో గొడుగు పట్టుకున్నట్టుంటుంది. బౌలింగ్ రాదు. స్లిప్పులో నిలబడతాడు, అక్కడైతే పరిగెత్తే పని లేదు కాబట్టి.

కార్యదర్శి మేజర్ పిలిచి చెప్పాడు: "బర్టిల్స్, నీకిది మూడో ఏడు. సీజన్ అయ్యేలోగా టోపీ రాకపోతే కమిటీ నిన్ను వదిలేస్తుంది."

టోపీ అంటే కౌంటీ టోపీ, జిల్లా జట్టులో చోటు ఖాయమైనవాడికి ఇచ్చేది. ముదురు నీలం గుడ్డ, దాని మీద ఒక జింక బొమ్మ. అది కెప్టెన్ చేతుల మీదుగా రావాలి. గొడుగు పట్టుకునేవాడు నా బౌలింగ్‌కి మార్కులు వేస్తాడన్నమాట.

నాకు ఆ గుడ్డముక్క అక్కర్లేదు. పని కావాలి, అంతే. గనిలో నా దీపం ఇంకా ఎవరికీ ఇవ్వలేదని, ఎప్పుడైనా మళ్ళీ పనిలో దిగొచ్చని మేస్త్రీ నాన్నతో అన్నాడట. దయగా అన్నానని అనుకుంటున్నాడు వాడు.

మే 9

ఆల్ఫ్ డగ్‌డేల్ ఇవాళ నా బూటు చూసి, "ఏరా అబ్బాయ్, ఎడం మడమ దగ్గర మేకు లేచింది, చూసుకో," అన్నాడు. మేకు చూశాడు గానీ అంతకుముందే నేను తీసిన నాలుగు వికెట్లు చూడలేదు.

ఈయన మా అందరికీ పెద్ద. ఇరవై సీజన్లు ఆడాడు. కూలి ఆటగాళ్ళ తరఫున కెప్టెన్‌తో మాట్లాడాల్సింది ఈయనే. మాట్లాడతాడు కూడా. "అవును కెప్టెన్ గారూ." "అలాగే కెప్టెన్ గారూ." "మంచి ఆలోచన కెప్టెన్ గారూ." మాటలు ఈ మూడే.

పొద్దున్నే వచ్చి నడుముకి గుర్రాల తైలం రాసుకుంటాడు. గదంతా పశువుల ఆసుపత్రి కంపు. రాసుకుంటూ గొప్పలు: "ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఓవర్ మధ్యలో వదిలి వెళ్ళలేదురా నేను. వేలు విరిగిన రోజు కూడా ఓవర్ పూర్తి చేశాకే కట్టు కట్టించుకున్నా."

వికెట్ కీపర్ సిడ్ క్రంప్ అన్నాడు: "నువ్వు చచ్చిపోయినా ఓవర్ పూర్తి చేశాకే పూడ్చాలి బాబాయ్."

అందరూ నవ్వారు. ఆల్ఫ్ కూడా. నాకు నవ్వు రాలేదు. ఆ నడుము బౌలింగ్ వల్ల అరగలేదు, దొరల ముందు వంచీ వంచీ అరిగింది.

మే 10

వాన.

మే 11

వాన. దొరలు పైన పేకాట. మేము కింద పేకాట. రెండు పేకముక్కల కట్టలూ క్లబ్బువే, కానీ మా దాంట్లో ఇస్పేటు రాణి లేదు.

మే 26

ఎనభై మూడు పరుగులు, ఐదు వికెట్లు. ఒక్క రోజులో. పెలమ్ నా పక్కనుంచి వెళ్తూ, "బాగుంది బర్టిల్స్," అన్నాడు. కర్ర తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టిన కుక్కతో అన్నట్టు.

భోజనానికి పైన పంది మాంసం, ఉడికించిన ఆలుగడ్డలు. కింద మాకు చల్లారిన 'పై', పిండిలో మాంసం కూరి కాల్చింది. దాని లోపల ఉన్నది మాంసమా కాదా అని సిడ్ అంపైర్‌ని అడుగుదామన్నాడు.

జూన్ 8

చాలామందికి అర్థం కాదు, బ్యాటింగ్ వాడు బ్యాటింగ్ చేసి కూర్చుంటాడు, బౌలింగ్ వాడు బౌలింగ్ చేసి పడుకుంటాడు. రెండూ చేసేవాడికి కూర్చునే వేళా పడుకునే వేళా ఉండవు. పొద్దున్నంతా బంతి వేసి, చెమట ఆరకముందే కాళ్ళకి ప్యాడ్లు కట్టుకోవాలి. ఒకే సీజన్‌లో వెయ్యి పరుగులూ వంద వికెట్లూ చేసినవాడినే ఈ దేశంలో అసలైన ఆల్‌రౌండర్ అంటారు. ఆ రెండూ చేసినవాడికి టోపీ ఇవ్వకపోతే పేపర్లవాళ్ళు నవ్వుతారు. పెలమ్ పేపర్లు చదువుతాడు. తన పేరు ఉన్న చోట.

నేను రెండూ చేస్తాను. నాకు ఎవడూ నేర్పలేదు. గని వెనకాల గోడకి సుద్దతో మూడు కర్రలు గీసుకుని నేర్చుకున్నాను. గోడ "బాగుంది బర్టిల్స్" అనదు. అందుకే గోడంటే గౌరవం.

ఆల్ఫ్ ఈ రెండూ చేసిన సీజన్లు ఎనిమిది. సిడ్ చెప్పాడు. నేను నమ్మలేదు. పాత పేపర్లు తిరగేశాను. నిజమే.

అయితే ఏం?

జూన్ 21

ఆల్ఫ్ స్నానాల గదిలో పట్టుకున్నాడు.

"రేపటి నుంచి నువ్వు కెప్టెన్ గారితో కలిసి బ్యాటింగ్ చేస్తావు. ఆయన పరుగు పిలుపు ఎలా ఉంటుందో తెలుసుగా?"

"దోమ కుట్టినట్టు. వస్తా, వద్దు, వస్తా, అయ్యో."

"అదే. ఇద్దరూ ఒకే వైపుకి చేరారనుకో, నువ్వు గీత దాటి బయటికి నడిచెయ్. నువ్వే ఔటవ్వు. ఆయన్ని అవ్వనివ్వకు."

"తప్పు ఆయనదైనా?"

"తప్పు ఎప్పుడూ ఆయనదేరా. అందుకే చెబుతున్నా."

"నువ్వు ఎన్నిసార్లు నడిచావు బాబాయ్ అలా?"

"లెక్క మానేశాను." సబ్బు రాసుకుంటూ నవ్వాడు. "ఒకసారి తొంభై ఆరు మీద ఉన్నా. కెప్టెన్ గారు రెండు పరుగుల మీద ఉన్నారు."

నవ్వాడు! తొంభై ఆరు అని చెప్పి నవ్వాడు. మనిషికి సిగ్గు అనేది ఉంటే అది చెప్పేటప్పుడు సబ్బు చేతిలోంచి జారాలి.

జూలై 15, ఆదివారం

నిన్న జరిగింది. ఇంటికొచ్చాను. అమ్మ చర్చికి రమ్మంది, వెళ్ళలేదు. రాస్తున్నాను.

నేను డెబ్భై ఒకటి మీద ఉన్నా. పెలమ్ బంతిని కవర్స్ వైపు కొట్టి బయల్దేరాడు. ఫీల్డర్ చేతిలోకే వెళ్ళింది బంతి. "వద్దు!" అని అరిచాను. జనమంతా విన్నారు. అయినా పరిగెత్తుకుంటూ నా వైపుకే వచ్చేశాడు. ఇద్దరం ఒకే గీత దగ్గర. నన్ను చూశాడు. భయపడిన చూపు కాదది. హోటల్లో సర్వరు కుర్చీ లాగడం ఆలస్యం చేస్తే దొరలు చూస్తారే, ఆ చూపు.

నేను బ్యాటు గీత లోపల పెట్టాను. పెట్టి దాని మీద ఆనుకున్నాను.

అటువైపు కర్రలు పడిపోయాయి. పెలమ్ ఔట్. తెల్ల గేటు వరకూ వెనక్కి చూడకుండా నడిచాడు. పై బాల్కనీలో ఒక్క చప్పుడు లేదు. ఎదురుగా చవక బెంచీల మీద మాత్రం, మా గని వాళ్ళు, వాళ్ళు లేచి నిలబడ్డారు.

తర్వాత సెంచరీ చేశాను. నా మొదటి సెంచరీ. దొరల వైపునుంచి చప్పట్లు కొట్టింది ఒక్క ముసలమ్మే, ఆమెకి కళ్ళు సరిగ్గా ఆనవేమో.

గదిలోకి రాగానే సిడ్, "ఒరేయ్ లెన్, చచ్చావురా. మంచి సెంచరీ. చచ్చావు," అన్నాడు.

ఆల్ఫ్ బూట్లు విప్పుకుంటున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు: "అక్కడ పరుగు లేదు. నీ మాట నిజమే. అయినా నువ్వే వెళ్ళాల్సింది."

మళ్ళీ అదే బంతి వచ్చినా అదే చేస్తాను. పదిసార్లు వచ్చినా.

జూలై 19

బౌలింగ్ ఇవ్వలేదు.

జూలై 21

మళ్ళీ ఇవ్వలేదు. ఓవర్ అవ్వగానే ఈ బౌండరీ నుంచి ఆ బౌండరీకి పరుగు. మళ్ళీ అటు నుంచి ఇటు. కుక్కపిల్లకి వ్యాయామం. "బర్టిల్స్, ఇంకొంచెం లోతుగా వెళ్ళు," అంటాడు. ఇంకొంచెం వెళ్తే జనం ఒళ్ళో కూర్చోవాలి. ఒక ముసలాయన నిజంగానే జరిగి చోటిచ్చాడు.

ఆగస్టు 6

వెయ్యి పరుగులు అయ్యాయి, తొమ్మిదో స్థానంలో దింపినా సరే. వికెట్లు తొంభై మూడు దగ్గర ఆగిపోయాయి. మేజర్ ఎదురుపడి, "ఆట ఒక్కటే సరిపోదు బర్టిల్స్, నడవడిక కూడా చూస్తుంది కమిటీ," అన్నాడు. నడవడిక అంటే గీత దాటి బయటికి నడవడం.

ఆగస్టు 20

ఎండ మాడ్చేసింది. వేగంగా వేసే మావాళ్ళు ఇద్దరూ చతికిలబడ్డారు. తప్పనిసరై బంతి నాకు విసిరాడు. ఐదుగురిని తీశాను. తొంభై ఎనిమిది. సాయంత్రానికి మళ్ళీ బౌండరీ.

ఆగస్టు 23

ఇవాళ ఆల్ఫ్ దొరల గది గుమ్మం బయట నిలబడి ఉండటం చూశాను. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. లోపలికి రమ్మనలేదు. పెలమ్ గుమ్మంలోనే నిలబడి వింటున్నాడు. తువ్వాలుతో తల తుడుచుకుంటూ.

కిందికి రాగానే అడిగాను. "ఏం ముష్టెత్తావు?"

"నీ గురించే ఒక మాట. కుర్రాడు తొంభై ఎనిమిది మీద ఉన్నాడు, ఓ చెయ్యి వెయ్యండి అని."

"ఎవడు అడగమన్నాడు నిన్ను?"

"ఎవరూ అనలేదు."

"నా కోసం అడుగుతున్నావా, నీకోసం అడుగుతున్నావా? నీకు కూడా ఈ ఏడాదితో అయిపోతుందిగా. ఇంకొక్క సీజన్ ఇమ్మని కాళ్ళు పట్టుకోవడానికి వెళ్ళి, దారిలో నన్ను కలిపావు."

గదిలో అందరూ ఉన్నారు. సిడ్ నా చెయ్యి పట్టుకున్నాడు. వదిలించుకున్నాను.

"నువ్వు ఆల్‌రౌండర్‌వి కాదు, గుమ్మంలో పరిచిన గోనెపట్టావి. వచ్చినవాడల్లా బూట్లు తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళు."

ఆల్ఫ్ తైలం సీసాకి మూత పెట్టాడు. గట్టిగా బిగించాడు. "ఏమన్నారో అడగవేం మరి?" అన్నాడు.

"ఏమన్నాడు?"

"చూద్దాం అన్నారు."

చూద్దాం అట! తిన్నగా వద్దని చెప్పే దమ్ము కూడా లేదు.

ఆగస్టు 24

ఆల్ఫ్‌కి ఇంకో ఏడాది ఇచ్చే మాట నిజమేనట. ఒళ్ళు నిలబడితే వచ్చే సీజన్ కూడా ఉంచుతామని మేజర్ చెప్పాడట. ఆ ఒక్క ఏడాదీ సొంత ఊళ్ళో ఆడి మానేయాలని ఆయన ఆశ. సిడ్ చెప్పాడు. నేను అడగలేదు.

నేనన్న దాంట్లో తప్పేం లేదు.

సెప్టెంబర్ 1

సీజన్‌లో ఆఖరి మ్యాచ్, మా మైదానంలోనే. మూడు ఓవర్లు ఇచ్చాడు, ఒక వికెట్ తీశాను. తొంభై తొమ్మిది. వెంటనే బంతి లాక్కున్నాడు. స్లిప్పులోకి వెళ్తూ ఈల వేశాడు.

సెప్టెంబర్ 4

టోపీ బల్ల మీద ఉంది. ముందునుంచీ రాస్తాను.

అదే మ్యాచ్, ఆఖరి రోజు. అవతలివాళ్ళకి ఆఖరి జోడీ మిగిలింది, గెలవడానికి తొమ్మిది పరుగులు కావాలి. మా వేగం వాళ్ళలో ఒకడికి వేలు చిట్లింది, ఇంకొకడికి తొడ పట్టేసింది. ఒక వైపు స్పిన్నర్, రెండోవైపు ఆల్ఫ్. నేను మిడాఫ్‌లో. మధ్యాహ్నమంతా నాకు బంతి ముట్టుకోనివ్వలేదు.

ఆల్ఫ్ ఓవర్ మొదలుపెట్టాడు. రెండో బంతి బ్యాట్స్‌మన్ కాలికి తగిలింది, వికెట్లకి ఎదురుగానే తగిలినట్టనిపించింది. మామూలుగా అయితే ఆల్ఫ్ అరిచిన అరుపుకి పావురాలు లేస్తాయి. ఇవాళ నోరు మెదపలేదు. అడగనిదే అంపైర్ వేలెత్తడు. అడగాల్సిన సిడ్‌కి సరిగ్గా అప్పుడే దగ్గు తెర వచ్చింది. పెలమ్ స్లిప్పులోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు, బౌలరే అడగనిది నేనెందుకు అడగాలని ఊరుకున్నాడు. ముసలోడికి నడుముతోపాటు కళ్ళు కూడా పోయాయనుకున్నాను.

మూడో బంతికి పరిగెత్తుకుంటూ వచ్చి, వెయ్యకుండానే ఆగిపోయాడు. చెయ్యి నడుము మీదకి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఇరవై ఏళ్ళుగా ఆ మనిషి పడటం ఎవరూ చూడలేదు.

పెలమ్ వచ్చాడు. "ఏమైంది డగ్‌డేల్?"

"పట్టేసింది కెప్టెన్ గారూ. లేవలేను."

"ఓవర్ పూర్తి చెయ్యలేవా?"

"లేదండీ." తర్వాత బెంచీల దాకా వినపడేట్టు అన్నాడు: "నాలుగు బంతులే ఉన్నాయి. బర్టిల్స్‌కి ఇవ్వండి. ఇంకెవరున్నారు మీకు?"

నిజంగానే ఎవరూ లేరు. స్పిన్నర్ ముందు ఓవర్ వేశాడు, వెంటనే మళ్ళీ వెయ్యకూడదు. మిగిలినవాళ్ళు బంతి వెయ్యడానికి చెయ్యి తిప్పడం కూడా రాని బ్యాట్స్‌మెన్. చవక బెంచీల నుంచి "లెన్‌కి ఇయ్యి!" అని మొదలైంది. తర్వాత బెంచీలన్నీ. ఆఖరికి పై బాల్కనీలో ఎవడో దొర కూడా, "పెలమ్, కానివ్వవయ్యా!" అన్నాడు.

బంతిని నా వైపు చూడకుండా విసిరాడు. నేల మీద పడి దొర్లింది. వంగి తీసుకున్నాను.

ఇద్దరు ఆల్ఫ్‌ని చంకల కింద పట్టుకుని ఆకుపచ్చ గేటు వైపు నడిపించారు. వెళ్తూ ఒక్కసారి నావైపు తిరిగాడు. నొప్పితో మొహం అలా ముడుచుకుందనుకున్నాను.

మొదటి బంతికి ఫోరు. రెండో బంతి కూడా అలాగే వేస్తున్నట్టు పరిగెత్తి, వేగం తగ్గించాను. గోడ దగ్గర నేర్చుకున్నది. వాడు ముందే బ్యాటు ఊపేశాడు. మధ్య కర్ర వెనక్కి వాలిపోయింది.

మ్యాచ్ మాదే. వందో వికెట్. పేపర్లవాళ్ళు మెట్ల మీదకి వచ్చేశారు. కెమెరా ముందు పెలమ్ నా భుజం మీద చెయ్యి వేసి, జేబులోంచి టోపీ తీసి, తన చేత్తో నా తల మీద పెట్టాడు. జేబులో ఎప్పటినుంచి ఉందో. లేక ఎవడి తల మీదనుంచైనా లాక్కొచ్చాడో. కొంచెం బిగుతుగా ఉంది.

ఆల్ఫ్ సంగతి: ఇరవై ఏళ్ళు గొప్పలు పోయి, తొమ్మిది పరుగుల దూరంలో కూలబడ్డాడు. ఓవర్ మధ్యలో. నాకేం నవ్వు రాలేదు. అయినా రాసి పెడుతున్నా, కూలబడ్డాడు.

సెప్టెంబర్ 5

ఆల్ఫ్‌ని తీసేశారు. ఓవర్ మధ్యలో పడిపోయేవాడికి ఇంకో సీజన్ ఎలా ఇస్తాం అన్నాడట మేజర్.

సిడ్‌ని అడిగాను, ఆ రెండో బంతి సంగతి.

"ఏ బంతి?"

"కాలికి తగిలింది. నువ్వు దగ్గావు."

"అవున్రా, ఈమధ్య దగ్గు ఎక్కువైంది. మందు కొనుక్కోవాలి." నా మొహంలోకి చూశాడు. "అది వికెట్లకి దూరంగా పోతోందిలే. దూరంగానే పోయింది. విన్నావా?"

విన్నాను.

సెప్టెంబర్ 6

బ్యాగు తెచ్చుకుందామని మైదానానికి వెళ్ళాను. గదిలో ఆల్ఫ్ ఒక్కడే ఉన్నాడు. తన కొక్కెం ఖాళీ చేస్తున్నాడు. నేను వచ్చింది చూడలేదు. బల్ల కిందకి దొర్లిపోయిన సాక్సు కోసం వంగి, రెండు చేతులూ నేలకి ఆనించి, పదహారేళ్ళవాడిలా లేచాడు.

అప్పుడు నన్ను చూశాడు. తర్వాత మెల్లగా చెయ్యి నడుము మీద పెట్టుకున్నాడు. "అబ్బా," అన్నాడు. చాలా చెత్తగా అన్నాడు. నాటకాల్లో అయితే టమాటాలు విసిరేవాళ్ళు.

"ఎలా ఉంది బాబాయ్ నడుము?"

"పోయిందిరా. పూర్తిగా."

"ఎప్పుడు?"

"నువ్వున్నావుగా అక్కడ. అప్పుడే."

నాకు కోపం వచ్చింది. అడగకుండా ఎవడు చెయ్యమన్నాడు? నన్ను తిట్టినా బాగుండేది. గోనెపట్టా అన్నానే, ఒక్క మాట తిరిగి అనొచ్చుగా. "ఆ రెండో బంతికి నువ్వెందుకు అరవలేదు?" అన్నాను.

"గొంతు కూడా పోయింది."

సీసా నా చేతిలో పెట్టాడు. అడుగున కొంచెం తైలం ఉంది. "ముప్ఫై దాటాక పనికొస్తుంది. రెండూ చేసేవాడికి ముందు పోయేది నడుమే." బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాకా తేలిగ్గా నడిచాడు. బయట మేజర్ గొంతు వినపడగానే కుంటడం మొదలుపెట్టాడు.

నడుము పట్టి కుంటేవాడు ఎడం కాలు ఈడ్చుకుంటూ పోతాడా? అది కూడా రాదు ఈ మనిషికి.

సెప్టెంబర్ 8

ఆల్ఫ్‌కి దొరల పిల్లలు చదివే బడిలో ఆట నేర్పే పని దొరికేలా ఉందట. పన్నెండేళ్ళవాళ్ళు "డగ్‌డేల్, బంతి తే," అంటారు. "అలాగే బాబుగారూ," అంటాడు. కానీ అక్కడ ఒక ఇల్లు ఇస్తారు, భార్యకి తోట. బడివాళ్ళు కెప్టెన్‌ని ఉత్తరం అడిగారట, మనిషి నమ్మకస్తుడేనా అని.

సెప్టెంబర్ 10

సీజన్ ఆఖరి విందు. టోపీ వచ్చినవాళ్ళని ఈ ఒక్క రోజు పై అంతస్తుకి పిలుస్తారు. తెల్ల గేటులోంచి వెళ్ళాను. మెట్లు మామూలు మెట్లే.

పెలమ్ గ్లాసు పట్టుకుని నా పక్కకి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"బర్టిల్స్, ఒక మాట. డగ్‌డేల్ నిన్న స్టేషన్లో రెండు పెట్టెలు మోసుకెళ్ళాడని మేజర్ చెప్పాడు. ఆ రోజు జరిగిందేంటో నాకు అర్థం కావట్లేదు. బడివాళ్ళకి ఉత్తరం రాయాలి నేను. నటించేవాడి గురించి మంచిగా రాయలేను కదా. నువ్వు మిడాఫ్‌లో ఉన్నావు, అందరికంటే దగ్గరగా. నిజంగా పట్టేసిందా?"

జూలైలో గీత దగ్గర చూసిన చూపే. కుర్చీ లాగమన్న చూపు. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. ఆయన మొహాన కొడదామని వేసవంతా దాచుకున్నది. మీరు ఇవ్వాల్సిన బంతిని మీ చేతిలోంచి లాగి నాకిప్పించాడండీ ఆ గోనెపట్టా, మీకు తెలియకుండా, మీ ముందే, అని. అంటే ఎంత బాగుండేది. గది మొత్తం తిరిగి చూసేది.

"అవును కెప్టెన్ గారూ," అన్నాను. "ఎముక చప్పుడు కూడా విన్నానండీ."

"పాపం," అన్నాడు పెలమ్. "మంచివాడు ముసలాడు. రాస్తాను."

"మంచి ఆలోచన కెప్టెన్ గారూ."

సెప్టెంబర్ 11

నడుము నిజంగానే పట్టేసింది. నేను పక్కనే ఉన్నాను. నా కళ్ళతో చూశాను. ఎవడడిగినా ఇదే చెబుతాను, ఇక్కడ కూడా ఇదే రాస్తాను.